అనుభవం ఉన్నవాడు

“అమ్మా, పేడ చేతులు కడుక్కుని త్వరగా రా, ఆఫీసు మూసేస్తారు!” అని మా అబ్బాయి బండి మీద నుంచే కేకేశాడు. పాక ఊడ్చి, గేదెకి కుడితి పెట్టి, తట్ట బోర్లించి బయల్దేరాను.

పాడి సబ్సిడీకి దరఖాస్తు పెట్టమన్నది వాడే. ఆడవాళ్ళ పేరున అయితే సగం ఖర్చు సర్కారే భరిస్తుందట. నాలుగు గేదెలు, రేకుల షెడ్డు, నీళ్ళ తొట్టి. ఆయన పోయాక మిగిలిన ఒక్క గేదెతో నెట్టుకొస్తున్నదాన్ని, ఆశ పుట్టింది. నా పేరున ఏదైనా రావడమంటే అదే మొదలు.

మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నప్పటి నుంచీ, ఎక్కడ కాగితం కనబడినా చదవడం నాకో జబ్బయింది. పశువుల ఆఫీసు గోడ మీద నిబంధనలు కూడబలుక్కుంటూ పైకే చదివాను. ‘పాడిలో మూడేళ్ళ అనుభవం ఉన్నవాడై ఉండవలెను.’ వాడై అన్నచోట ఆగిపోయాను.

గుమాస్తా నవ్వాడు. “అది మామూలుగా అలాగే రాస్తారమ్మా, ఆడవాళ్ళకీ వర్తిస్తుంది. పాలకేంద్రం పుస్తకం తెచ్చారా?”

తెచ్చాను. ఆయన పేరున ఉంది.

“ఇది మీ ఆయన అనుభవం. మరి మీదేది?”

“పాలు పితికింది నేనేనండీ.”

“పితికింది ఎవరు చూశారమ్మా? పోసిందెవరో వాళ్ళదే లెక్క.”

నిజమే, కేంద్రంలో పోసి రావడం ఆయన పని; ఆయన పోయాక పాలు ఇరుగుపొరుగుకే అమ్ముతున్నాను. నా రెండో కాన్పుకి నేను ఆసుపత్రిలో ఉంటే గేదె ఆయనకి చేపలేదు. పాలు దిగక పొదుగు రాయిలా బిగిసి అరుస్తుంటే, ఆయన నేను విడిచిన బట్టలు ఒంటికి చుట్టుకుని, ముసుగు కప్పుకుని కూర్చున్నారట. ఆ వాసనకి చేపింది. “దానికి మొగుడెవరో పెళ్ళామెవరో తెలిసి చస్తేగా!” అని ఆ కథ చెప్పినప్పుడల్లా చుట్టాలు పగలబడి నవ్వేవారు. వాళ్ళకి కాఫీలు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని. గొడ్డుకి తెలిసిన సంగతి ఆయన నోట ఒక్కసారైనా వినాలని అప్పుడు తోచలేదు. తోచేసరికి అడగడానికి మనిషి లేరు.

గుమాస్తా పుస్తకం తిరగేశాడు. “ఇందులో నామినీ మీ అబ్బాయి కదా? అతని పేరున పెట్టండి. తండ్రి అనుభవం అతనికి చెల్లుతుంది. సబ్సిడీ కాస్త తగ్గుతుంది, అంతే.”

పాకలోకి రావాలంటే ముక్కు మూసుకునే మావాడికి కూర్చున్నపళంగా అనుభవం వచ్చేసింది! వాడే సిగ్గుపడ్డాడు, పాపం. “ఎవరి పేరైతే ఏంటమ్మా, చేసేది ఎలాగూ నువ్వేగా,” అన్నాడు మెల్లగా. అచ్చం వాళ్ళ నాన్న గొంతే.

“నా పేరున పుస్తకం ఎక్కడిస్తారండీ?” అని గుమాస్తాని అడిగాను.

“పాలకేంద్రంలోనే. కానీ మూడేళ్ళు పోయాలి. అప్పటికి ఈ పథకం ఉంటుందో ఉండదో.”

“నేను మాత్రం ఉంటానో ఉండనో,” అని దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే క్యాను పట్టుకుని నేనే వెళ్ళాను. పాలకేంద్రంలో రాసుకునే అమ్మాయి నా పేరడిగి, నన్ను ఎగాదిగా చూసి, “పాడి కొత్తగా మొదలెట్టారా పిన్నిగారూ?” అంది.

“అవునమ్మా,” అన్నాను. “కొత్తే.”