అన్నయ్య మాట వచ్చే పోర్టు

అన్నయ్య మంచాన పడి ఏడు నెలలు. నోరు పడిపోయింది, కాళ్లూ చేతులూ కదలవు. కుడి కనుబొమ్మ కింద కండరం మాత్రం కంటికి ఆననంతగా అదురుతుంది. సర్క్యూట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరైన చెల్లెలు, అక్కడో సెన్సర్ అంటించి, చిట్టి కంప్యూటర్ లాంటి, అరచేతిలో పట్టే మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపి, ఆ బోర్డును ఒకే తీగతో లాప్‌టాప్‌కు తగిలించింది. లాప్‌టాప్ తెరమీద అక్షరాలు వరసగా వెలుగుతాయి. కావలసినది రాగానే అతను కండరం బిగిస్తాడు. అలా ఒక్కో అక్షరం కూడి మాటవుతుంది.

ఆ ఉదయం లాప్‌టాప్ తనంతట తాను అప్‌డేట్ అయింది. అన్నయ్య మళ్లీ మూగవాడయ్యాడు.

"ఊపిరాడడానికి పదకొండింటికి గొంతుకు గొట్టం వెయ్యాలి," అన్నాడు డాక్టరు. "ఆయన ఒప్పుకోవాలి. చెప్పలేకపోతే మీరైనా సంతకం పెట్టాలి."

వదిన పెన్ను అందుకుంది. "ఇటివ్వండి."

"వదినా, నీకు దణ్ణం పెడతాను, పది నిమిషాలు ఆగు!"

"పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది! నీ డబ్బా కోసం మనిషిని చంపుకుంటామా?"

చెల్లెలు లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆ ఒక్క తీగలోనే బోర్డు రెండు పోర్టులు, అంటే కబురు వచ్చే రెండు దారులు, ఉన్నట్టు కంప్యూటర్‌కి చూపిస్తుంది. ఒకదానిలో బోర్డు తన బాగోగులు చెప్పుకుంటుంది, రెండోదానిలో అన్నయ్య మాట వస్తుంది. అప్‌డేట్‌తో వాటి నంబర్లు మారిపోయాయి. మొదటిది తెరిచింది: 'సెన్సర్ సరే' అన్న వరస తప్ప ఏమీ లేదు. రెండోది తెరిచింది. ఖాళీ. తీగ పీకి మళ్లీ పెట్టింది. ఖాళీ.

"అమ్మాయ్, ఇక చాలు," అంది వదిన ఏడుస్తూ.

అప్పుడు తట్టింది. అవతల కంప్యూటర్ వినడానికి సిద్ధమన్న సంకేతం అందేదాకా బోర్డు ఆ రెండో పోర్టులో నోరు విప్పదు. కొత్త అప్‌డేట్ తరవాత లాప్‌టాప్ ఆ సంకేతం పంపడం మానేసింది. ప్రోగ్రాంలో దాన్ని పంపే ఒక్క వరస చేర్చి మళ్లీ తెరిచింది.

అక్షరాలు కదిలాయి.

'వద్దు.'

"తప్పు పడిందేమో! మళ్లీ అడుగు," అంది వదిన.

చెల్లెలు మంచం మీదికి వంగి అడిగింది. "అన్నయ్యా, గొట్టం వెయ్యకపోతే ఊపిరి ఎక్కువ రోజులు ఆడదట. వేయించమంటావా?"

చాలాసేపు పట్టింది.

'వద్దు. తెలుసు.' ఆ తరవాత, 'మీ వదినని కూర్చోమను. పొద్దుట్నించి నిలబడే ఉంది.'

వదిన పెన్ను వదిలేసి మంచం పట్టె మీద కూలబడింది. డాక్టరు తెరమీది జవాబు చదివి, కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు.

తరవాత అతను పందొమ్మిది రోజులు బతికాడు. అన్ని రోజులూ చెల్లెలు ఆ లాప్‌టాప్‌ని ఒక్కసారి కూడా ఆపలేదు.