కాగితం మీద దొంగ

మా కంపెనీ యజమాని చక్రపాణిగారు తిరుమల దర్శనానికి వెళ్తున్నారని అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఉన్న మా ఆఫీసంతటికీ తెలుసు. లోపలికి సెల్‌ఫోన్ రానివ్వరనీ తెలుసు. ఆయనకు ఎవరు మెయిల్ పంపినా ఆ సంగతే జవాబుగా వెళ్ళేలా పెట్టి మరీ విమానమెక్కారు. అంటే మాతోపాటు లోకంలోని దొంగవెధవలందరికీ చెప్పి వెళ్ళారన్నమాట.

అది 2014 అక్టోబరు. మందుల కంపెనీలకు పరీక్షల వివరాలు చూసిపెట్టే చిన్న సంస్థ మాది, నలభై మందిమి. పదకొండేళ్లుగా అకౌంట్స్ నావే. గురువారం పొద్దున ఆయన పేరుతో మెయిల్ వచ్చింది. కొత్త వెండార్‌కి లక్షా ఎనభై నాలుగు వేల డాలర్లు ఈరోజే పంపించమని, తాను క్యూలోకి వెళ్తున్నానని, ఫోన్ ఉండదని.

మూడుసార్లు ఫోన్ చేశాను. ఆయన భార్య ఉషక్కకీ చేశాను. రెండూ స్విచాఫ్. గుడిలో ఉన్నవాళ్ళకి స్విచాఫ్ రాక ఇంకేమొస్తుంది! కిందటేడు ఇలాగే ఆయన గొంతు వినేదాకా ఒక చెల్లింపు ఆపితే, "మీనాక్షీ, నా మెయిల్ నా మాట కాదా?" అని అందరి ముందూ కడిగేశారు. ఆ అవమానం ఇంకా మంటగానే ఉంది. పంపేశాను.

శనివారం ఆయన ఫోన్ చేస్తే, వెండార్‌కి డబ్బు పంపేశానని చెప్పాను; "ఏ వెండార్ అమ్మా?" అన్నారు. డబ్బు అప్పటికే హాంకాంగ్ దాటిపోయింది.

ఊరి నుంచి రాగానే దంపతులిద్దరూ లడ్డూ ప్రసాదంతో మా ఇంటికే వచ్చారు. "నీ తప్పేముందమ్మా? నా పేరు చూసే కదా పంపావు. నువ్వు నా చెల్లెలివి" అన్నారాయన. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ మాటతో నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఖర్చులు వరసకట్టాయి. లాయర్లకి, కంప్యూటర్లు తనిఖీ చేసినవాళ్ళకి మరో అరవై వేలు. సంగతి తెలిసి పెద్ద క్లయింటు ఒకరు తప్పుకున్నారు. డిసెంబరు జీతాలు ఎలాగో ఎవరికీ తెలియదు.

నవంబరులో ఇన్సూరెన్స్ నుంచి ఒకావిడ వచ్చింది. నాకు హాంకాంగ్‌లో ఎవరు తెలుసు, ఈ మధ్య ఏమైనా అప్పులు తీర్చానా అని అడిగింది. అందరినీ ఇలాగే అడుగుతారు కాబోలు అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని. చివరికి క్లెయిమ్ కాగితం నా వైపు తిప్పింది. నష్టానికి కారణం: ఉద్యోగి చేసిన దొంగతనం. పక్కన నా పేరు. కింద ఆయన సంతకం.

నేరుగా ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన లేచి తలుపు వేశారు.

"మోసపోయి మనమే పంపితే పాలసీ కవర్ చేయదటమ్మా. ఎంప్లాయీ థెఫ్ట్ అయితేనే పే చేస్తారట. నలభై కుటుంబాలు. కాగితం మీదే కదా, నీ మీద పోలీస్ కేస్ పెట్టను. ప్రామిస్."

"నేను తీశానని మీరు నమ్ముతున్నారా అన్నయ్యా?"

"ఛ ఛ! నీ అంత నిజాయితీ మనిషి ఈ ఆఫీస్‌లోనే లేదు."

"ఆ ఒక్క మాట ఆవిడతో చెప్పండి. పక్క గదిలోనే ఉంది."

ఆయన తలుపు తీసి పట్టుకున్నారు.

"క్లెయిమ్ సెటిల్ అయ్యేదాకా నువ్వు రాకపోతే బెటర్. బ్యాడ్జ్ రిసెప్షన్‌లో ఇచ్చేసి వెళ్ళమ్మా."

అప్పుడు కూడా అమ్మా అనే అన్నారు.