భస్మసాని వంగిన చేను

రుద్రూర్ దాటి బోధన్ దారిలో రెండు మైళ్ళు వస్తే ఎడమచేతి వైపు హన్మవ్వ చెరుకు చేను. ఆమె గట్టూ నా గట్టూ ఒకటే. అందుకే మొన్న మాఘమాసంలో ఆ చేనులోకి యుద్ధదేవత వచ్చినప్పుడు కళ్ళారా చూసింది హన్మవ్వా, నేనూ, నా ఎడ్లూ. ఎడ్లు సాక్ష్యం చెప్పవు. హన్మవ్వకు చెప్పే తీరిక లేదు. మిగిలింది నేను.

ఈ యేడు నాందేడ్ వైపు నుంచి రావలసిన కోత ముఠా రాలేదు. రెండెకరాల చెరుకు ఆకు ఎండి గాలికి గరగరలాడుతోంది. డెబ్బై దాటిన హన్మవ్వ కత్తి పట్టుకొని ఒక్కతే కోతకు దిగింది. నేను గట్టు మీద కూర్చొని సలహాలు చెబుతున్నాను. నాకు నడుము నొప్పి. అది పని కనబడినప్పుడే వస్తుందని హన్మవ్వ అంటుంది. అబద్ధం. పని పేరు విన్నా వస్తుంది.

అప్పుడు చెరుకు రెండుగా చీలి, మధ్యలోంచి ఒక ఆడమనిషి నడిచి వచ్చింది. ఎనిమిది అడుగులకు ఒక్క వేలు తక్కువుంటే నా మీసం తీసేయండి. ఒళ్ళంతా ఇనుప తొడుగు, భుజం మీద నాగలిదూలమంత కత్తి. ఆమెను చూసి నా ఎడ్లు ముందరి కాళ్ళు మడిచి కూర్చున్నాయి. నేను ముందే కూర్చొని ఉన్నాను కాబట్టి పరువు దక్కింది.

"ఓ వృద్ధురాలా! ఇది ఏ రాజు సైన్యము?" అని ఆకాశం అదిరేటట్టు అడిగింది.

హన్మవ్వ చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసింది. "రాజు లేడు, గీజు లేడు. గిది నా సెరుకు. నువ్వెవరివే పిల్లా? ముఠాల మనిషివా? కడమోళ్ళేరీ?"

"నేను భస్మసానిని. మూడు పొద్దుల దేశమునకు సంహారదేవతను. నా కత్తి తగిలిన చోట నూరేళ్ళు గడ్డి మొలవదు."

"గట్లయితే జర నా చేన్ల తుంగ మీద గూడ తగిలిచ్చి పో తల్లీ," అన్నాను నేను. తుంగ పీకలేక చస్తున్నవాణ్ణి, వచ్చిన అవకాశం వదులుకోవడమెందుకు?

ఆమె నా వైపు చూడనైనా లేదు. కత్తి నేలకు దించి, గొంతు కూడా దించింది. చెప్పిన సంగతి ఇది. వాళ్ళ దేశంలో ఆకాశంలో మూడు సూర్యుళ్ళు. ఒక్కో సూర్యుడికి ఒక్కో రాజు, ఒక్కో సైన్యం. ఒక పొద్దు వాలితే ఇంకో పొద్దు కింద యుద్ధం. ఎవరు పిలిస్తే వాళ్ళ పక్షాన ఈమె నరకాలి. అది ఆమె కొలువు. విడుదలకు ఒక్కటే దారి రాసి ఉందట: ఆమె కత్తి కోసింది ఒక్కటైనా తిరిగి మొలవాలి. ఆమె మర్రులను కోసింది, వెదురు కోసింది, గడ్డి కోసింది. ఒక్కటీ మొలవలేదు.

"మీ సీమలో నేలమట్టము కోసినా మరల లేచెడి పైరు ఉన్నదని గాలి చెప్పినది. ఇరువది యొక్క దినములు గడువున్నది. ఆ పిదప కొమ్ము ఊదెదరు. నేను పోవలెను."

"ఇన్నేండ్లు లేంది ఇప్పుడే ఎందుకు యాదికొచ్చింది?" అని హన్మవ్వ అడిగింది.

భస్మసాని నా ఎడ్ల వైపు చూస్తూ చెప్పింది. "నేను కాల్చిన నేల మీద ఒక ముసలామె మేకను పట్టుకొని తిరిగినది. గడ్డిపోచ కొరకు. పొద్దుగూకువరకు తిరిగినది. ఆ మేక నన్ను చూచినది. వేయి సైన్యములు చూచినను నాకు బెదురు లేదు. మేక చూడగా బెదరితిని."

హన్మవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు నడుముకు దోపి, "మంచిగ కొయ్యి. మొలుస్తది," అంది.

భస్మసాని రెండు చేతులా కత్తి ఎత్తి ఒక్క తిప్పు తిప్పింది. గట్టు వెంబడి సాలు మొత్తం ఒక్క దెబ్బకు తెగిపడింది. నేను చప్పట్లు కొట్టబోయాను. హన్మవ్వ నెత్తి కొట్టుకుంది. ఆ తల్లి యుద్ధంలో కోసినట్టే కోసింది, తన మెడ ఎత్తున! పడినవన్నీ కొసలే. గడలు నిలబడే ఉన్నాయి.

"ఓయమ్మా, గదేం కోసుడే? గిది మెడకాయనా? సెరుకు తీపంత మొదట్ల ఉంటది. ఒంగాలె, నేలకు ఆనిచ్చి కొయ్యాలె. అప్పుడే మొదట్లకెల్లి పిలక లేస్తది."

"వంగుటయా? మూడు సూర్యుళ్ళకే నేను వంగలేదు!"

"సూర్యునికి ఒంగమన్ననా? సెరుకుకు ఒంగు. నలభై ఏండ్ల సంది నేను ఒంగుతున్న, నాకేం తక్కువైంది?"

తక్కువైన సంగతి నాకు కనబడుతూనే ఉంది. హన్మవ్వ నడుము ఇప్పుడు పూర్తిగా నిలవదు. భస్మసాని కూడా ఆ నడుమునే చూసింది. చూసి, ఇనుప తొడుగు విప్పి గట్టు మీద పెట్టింది. అక్కడ ఒక జానెడు నేల కుంగింది.

వంగడం అంత తేలిక కాదు. వేల ఏండ్లు నిలువుగా ఉన్న నడుము. మొదటిసారి వంగినప్పుడు వచ్చిన చప్పుడుకు మాక్లూర్‌లో ఉరుమనుకొని ఆరేసిన పసుపు ఎత్తుకున్నారని విన్నాను. ఒక చేత్తో గడ పట్టి, కత్తిని నేలకు ఆనించి, ఒక్కొక్కటే కోసింది. సాలు సాలుకూ ఒక వేలు చొప్పున పొట్టి అవుతూ వచ్చింది. మొదటి రోజు నలభై జొన్నరొట్టెలు తింది. ఆరో రోజు కోత ముగిసేసరికి మూడు రొట్టెలు చాలన్నది. అప్పటికి ఆమె నాకన్నా జానెడే ఎక్కువ. మాట కూడా మారింది.

"అవ్వా, జర నీళ్ళియ్యి," అంటుంటే నేను నవ్వాపుకోలేకపోయాను.

కోసిన నేల మీద ఎండాకు పరిచి హన్మవ్వ నీళ్ళు పెట్టింది. గట్టు వెంబడి సాలును మాత్రం, "ఉండనీ, నువ్వెట్ల కోసినవో నీకు యాదికుంటది," అని అట్లాగే వదిలేసింది. కోత ముగిసిన నాలుగో రోజుకే ఆ సాలు నిలువునా ఎండింది. అది చూసినప్పటి నుంచి భస్మసానికి తిండి సయించలేదు. రోజూ పొద్దున్నే వచ్చి చేను అంచున నిలబడేది. పైన ఎండాకు తప్ప ఏమీ కనిపించదు. ఆకు ఎత్తి చూసే ధైర్యం లేదు.

"ఎత్తి సూడరాదు బిడ్డా," అని నేనంటే, "లేకపోతే?" అనేది. సైన్యాలను నరికిన మనిషి! నేను ఎగతాళి చేద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. నా జన్మలో అట్లా మూసుకున్నది అదొక్కసారే.

ఇరవై ఒకటో రోజు పొద్దు బారెడెక్కేసరికి ఎద్దంత రాబందు ఒకటి నా చేనులో దిగింది. దాని మీద నుంచి నుదుట మూడు పొద్దుల బొట్టున్న కొమ్ముదొర దిగాడు. భుజాన ఇత్తడి కొమ్ము.

"దేవీ! గడువు తీరినది. మూడవ పొద్దు కింద రెండు సైన్యములు నిలిచి ఉన్నవి."

భస్మసాని గట్టు దగ్గరికి నడిచింది. అక్కడున్న కత్తిని తీసుకుంది. యుద్ధానికని పట్టుకోగానే పాత ఎత్తు మళ్ళీ రాసాగింది. హన్మవ్వ పరుగున వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇంకొంచెం ఆలస్యమైతే మోకాలు పట్టుకోవలసి వచ్చేది.

"పోతె పో. సూసిపో. నువ్వు సూడకుంట పోతివనుకో, ఆడ నరికినంత సేపు గిదే మనసుల మెదులుతది."

భస్మసాని కత్తి కింద పెట్టింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే నడుము వంచింది. మోకాళ్ళ మీద కూర్చొని ఎండాకు పక్కకు తీసింది.

వేలెడు పిలక. ఎండ తగలక తెల్లగా, కొసన మాత్రం కొంచెం ఆకుపచ్చ. పక్కన ఇంకొకటి. ఆకు తీసిన కొద్దీ సాలంతా.

"ఇది గడ్డి," అన్నాడు కొమ్ముదొర.

హన్మవ్వ ఇంతెత్తున లేచింది. "గడ్డికి, సెరుకుకు తేడా నాకు జెప్తవారా? నిలవడి సూస్తె అన్ని గడ్డి లెక్కనే కనవడ్తయి. ఒంగు! ఒంగి సూడు!"

ఆ గొంతుకు నేనే వంగాను, వాడెంత? వాడు వంగగానే భుజాన ఉన్న కొమ్ము జారి కాలువ బురదలో పడింది. ఎంత కడిగినా ఇంక దాని గొంతు రాలేదు. ఊదితే కప్ప అరిచినట్టుంది. పిలకను వాడు చాలాసేపు చూశాడు. చివరకు వేలితో, మెల్లగా, పసిపిల్ల బుగ్గ తాకినట్టు తాకాడు.

భస్మసాని నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. ముఖం ఎండాకులో పెట్టుకుంది. భుజాలు మాత్రం కదిలాయి. హన్మవ్వ ఆమె వీపు మీద చెయ్యేసి, "అయిపాయె బిడ్డా, అయిపాయె," అంటూ ఉంది. తర్వాత కత్తి పదును చూద్దామని నేను దాన్ని ఒక దారం మీద పెట్టాను. దారం తెగలేదు. ఇప్పుడది హన్మవ్వ ఇంటి తలుపుకు అడ్డగడియ.

ఇక్కడే ఉండిపొమ్మని హన్మవ్వ అడిగింది. భస్మసాని తల ఊపలేదు. "ఆ మేక ఇంక ఆకలితోనే ఉన్నది అవ్వా," అంది. కోతప్పుడు విత్తనానికి దాచిన గడలను రెండు మొలకకళ్ళకొక ముక్క చొప్పున నాటే ముచ్చెలుగా తుంచి, హన్మవ్వ గోనెసంచి నిండా కట్టి ఇచ్చింది. రాబందు మీద కొమ్ముదొర ముందు కూర్చున్నాడు, వెనక సంచి ఒళ్ళో పెట్టుకొని ఆమె.

"అవ్వా, నాటేటప్పుడు గూడ ఒంగాల్నా?"

"నాటేటప్పుడు ఇంక ఎక్కువ ఒంగాలె."

నమ్మనివాళ్ళుంటారని నాకు తెలుసు. మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళకు ఒకటే మాట. హన్మవ్వ గట్టు దగ్గరికి రండి. ఎండిన ఆ చెరుకు సాలు ఇప్పటికీ నిలబడే ఉంది. హన్మవ్వ దానికి చిక్కుడు పాకించింది. తీగ పూత మీదుంది. ఆ కోత ఎవరి మెడ ఎత్తున పడిందో నన్నడగకండి. దాని పక్కన నిలబడి, తల పైకెత్తి చూసుకోండి.