చిగురు రంగు

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. ఆవిడ బాధ నాకు ఈ ఏడాదే అర్థమయింది. నా తోటికోడలు నా పక్క బల్ల దగ్గరే కూర్చుని నవ్వుతుంది మరి.

మాది దుప్పట్ల మీద పూలు అచ్చువేసే కార్ఖానా. పదకొండేళ్ళుగా ఆ పూలు గీసేది నేనే. పోయిన ఏడాది మేనేజరు కాళ్ళావేళ్ళా పడి మా మరిది పెళ్ళాన్ని పనిలో పెట్టించిందీ నేనే. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే నా చెయ్యి ఆడడం మానేసింది. పాత పువ్వుకే ఇంకో రెండు రేకలు తగిలించి కొత్తదని ఇస్తూ వచ్చాను. ఆమె మాత్రం కూనిరాగం తీస్తూ రోజుకొకటి గీసి పారేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

చలి తగ్గిన వారం మేనేజరు మా ఇద్దరినీ పిలిచి, వసంతకాలం దుప్పటికి చెరో డిజైను ఇమ్మన్నాడు. బాగున్నది అచ్చుకు వెళ్తుంది. రెండోవాళ్ళు కింద రంగులు కలిపే గదికి వెళ్ళాలి. ఇద్దరిని పైన కూర్చోబెట్టి మేపడం ఇక తనవల్ల కాదన్నాడు. గడువు శనివారం ఉదయం.

శుక్రవారం మధ్యాహ్నానికే ఆమెది అయిపోయింది. కొమ్మ నిండా లేత ఆకుపచ్చ చిగుళ్ళు. అచ్చువేసే వాళ్ళంతా చుట్టూ మూగి మెచ్చుకున్నారు. నా కాగితం మీద చెరిపిన మరకలు తప్ప ఏమీ లేదు. ఏడవలేక నవ్వి, ఆమె బొమ్మలో తప్పు ఎక్కడ దొరుకుతుందా అని వెతికాను. కిటికీలోంచి పెరట్లో చెట్టు కనిపించింది. తప్పు దొరికింది. చెట్టు మీద చిగురు పచ్చగా లేదు, రాగి రంగులో ఉంది.

సాక్ష్యానికని కిందికి వెళ్ళి ఒక రెమ్మ తెంపుకొచ్చాను. అందరి ముందూ ఆమె పరువు తీయాలని నా ఆశ. ముందు అసలు చిగురు ఎలా ఉంటుందో గీసి చూపిద్దామని కూర్చున్నాను. ముడుచుకున్న ఆకు, దాని వెనక సన్నని నూగు, తొడిమ దగ్గర ఎరుపు. ఒకటి గీశాను. ఇంకోటి గీశాను. తల ఎత్తేసరికి అచ్చువేసే వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు, నా కాగితం నిండిపోయింది. ఎన్ని నెలలకో సంతోషం వేసింది, చెప్పడానికి సిగ్గెందుకు.

తోటికోడలు మాత్రం వెళ్ళలేదు. నా వెనకే నిలబడి చూస్తోంది. నేను ఇక ఆగలేకపోయాను.

"చిగురు పచ్చగా ఉంటుందని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"నువ్వే అక్కా," అంది. "నేను చెట్లనెప్పుడు చూశాను? నీ పాత డిజైన్లు చూసేగా గీయడం నేర్చుకున్నాను."

సొరుగులోంచి ఒక కాగితం తీసి చూపించింది. నేను పనిలో చేరిన ఏడాది గీసినది. కొమ్మ నిండా పచ్చ చిగుళ్ళు, కింద నా పొడి అక్షరాలు.

"ఆ రెమ్మ ఒకసారి ఇస్తావా?" అని అడిగింది. "తెల్లారేలోగా మళ్ళీ గీస్తాను."

ఇస్తే నాకంటే బాగా గీస్తుంది. అది నాకు తెలుసు. కడుపు మండుతూనే రెమ్మ ఆమె చేతిలో పెట్టాను. పెట్టి, వెలుతురు పోకముందే అంతకంటే మంచిది తెంపుకోవాలని మెట్లు రెండేసి చొప్పున దిగాను.