సెల్లార్ గోడలకు గ్రాండ్ టెస్ట్

మా ఆయన రామారావుకి పరీక్ష పెట్టందే దేనిమీదా నమ్మకం కుదరదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే మార్కులు వేస్తాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్నేళ్లు ఎంసెట్ కోచింగ్ నడిపితే మనిషి ఇలాగే తయారవుతాడని సరిపెట్టుకుని నేను కాపురం చేస్తున్నాను.

ఆ ఏడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కోచింగ్ సెంటర్లన్నీ షట్టర్లు దించేశాయి. తల్లిదండ్రులు ఫోన్ల మీద ఫోన్లు. "వచ్చే సోమవారానికి క్లాసులు మొదలవకపోతే మా పిల్లల్ని విజయవాడ తీసుకుపోతాం" అన్నారు. పిల్లలు పోతే సెంటరు పోయినట్టే, సెంటరు పోతే మేము మళ్లీ తెనాలి బండెక్కాల్సిందే. అప్పుడు మా ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. మా బిల్డింగు సెల్లార్‌లో బళ్లు పెట్టుకునే చోటు చుట్టూ ఇనప ఫ్రేములు నిలబెట్టి, రెండువైపులా బోర్డులు కొట్టి, మధ్యలో ఏదైనా కూరేస్తే లోపలి పాఠం బయటికి పోదు, బయటి నినాదం లోపలికి రాదు.

ఆ "ఏదైనా" దగ్గరే వచ్చింది తంటా. మొదట థర్మోకోల్ తెచ్చాడు. లోపల రేడియో పెట్టి, తలుపు మూసి, బయట గోడకి చెవి ఆనించాడు. వార్తలు చదివే ఆవిడ దగ్గు కూడా వినపడింది. "ఫెయిల్" అన్నాడు. లెక్కల మాస్టారు ప్రసన్నకుమార్ హాస్టల్ మెస్సు నుంచి కోడిగుడ్ల అట్టలు మోసుకొచ్చాడు. వాటికి సప్లిమెంటరీ అర్హత కూడా దక్కలేదు, ఎలుకలు మాత్రం పండగ చేసుకున్నాయి. నా పెళ్లినాటి పరుపు విప్పి దూది పెడదామన్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తకుండా నేను చూసుకున్నాను. గాజు ఉన్ని తెచ్చి తనే చేతుల్తో కూరి, ఒళ్లంతా గోక్కుంటూ తిరిగాడు. పైగా సెల్లార్ చెమ్మకి అది తడిసి గోడలోనే కిందికి జారి కూర్చుంది.

ఆఖరికి రాతి ఉన్ని దొరికింది. రాయిని కరిగించి తీసిన పీచట, దిళ్లలా దట్టంగా ఉంటుంది, చెమ్మకి లొంగదు. ఇనుము గుండా మోత పాకుతోందని ఫ్రేములకీ నేలకీ మధ్య రబ్బరు పట్టీలు కూడా వేయించాడు. రేడియో పెడితే గుసగుస కూడా లేదు. "ఫస్ట్ ర్యాంక్!" అంటూ గోడని నిమిరాడు. నన్నెప్పుడూ అంత మురిపెంగా చూసిన పాపాన పోలేదు.

అక్కడితో ఆగాలా? ఆగడే! గ్రాండ్ టెస్ట్ పెట్టాలట.

సోమవారం పొద్దున పిల్లల్ని ఒక్కొక్కరినే వెనకదారిన సెల్లార్‌లోకి దింపాం. ఫిజిక్స్ చెప్పే మృదుల పాఠం మొదలుపెట్టింది. "నేను రోడ్డు మీద నిలబడి అరుస్తాను. పాఠం అయ్యాక పైకొచ్చి రిజల్ట్ చెప్పండి" అని మా ఆయన తలుపు వేయించాడు. ఏమని అరుస్తాడు మరి? రోజూ రోడ్డు మీద మోగేదేదో దాంతోనే పరీక్షించాలి కదా! మూసిన షట్టర్ ముందు నిలబడి, తెనాలి గొంతు చించుకుని, "జై తెలంగాణ! జై తెలంగాణ!" అని మొదలుపెట్టాడు.

నేను బాల్కనీలోంచి "చాలు, ఇక పైకి రండి" అని మొత్తుకుంటూనే ఉన్నాను. అంతలో డప్పులు వినపడ్డాయి. మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ పోతున్న ఊరేగింపు మా ముందుకొచ్చింది. ముందు నడుస్తున్నాయన సీతారాములు, సమ్మెలో ఉన్న బస్సు కండక్టరు. ఒంటరిగా అరుస్తున్న మా ఆయన్ని చూసి ఆగిపోయాడు.

"గిదీ మనిషంటే! ఆంధ్ర సారు, ఒక్కడే నిలబడి జై తెలంగాణ అంటుండు సూడుండ్రి!" అంటూ వచ్చి కావలించుకుని, తన మెడలో దండ తీసి మా ఆయన మెడలో వేశాడు. "సార్, జర రెండు మాటలు చెప్పుండ్రి."

మా ఆయన చెప్పాడు. సమ్మెకి మద్దతుగా సెంటర్ మూసేశాననీ, చదువు ఎప్పుడైనా చెప్పుకోవచ్చనీ చెప్పాడు. చప్పట్లు పడేసరికి ఇంకొంచెం చెప్పాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎందుకంటే సీతారాములు కళ్లు తుడుచుకుంటున్నాడు, ఆ కన్నీళ్లు అబద్ధం కాదు.

సరిగ్గా అప్పుడే మృదుల చేతినిండా సుద్దపొడితో సెల్లార్ మెట్లెక్కి వచ్చింది. వెనక పిల్లలంతా.

"సార్, గ్రాండ్ టెస్ట్ పాస్! ఒక్క ముక్క వినపడలేదు. అసలు మీరు అరిచారా సార్?"

డప్పులు ఆగిపోయాయి. సీతారాములు చెయ్యి మా ఆయన భుజం మీంచి జారింది. వెనక ఎవరో "మోసం!" అని అరిచారు. నేను చెప్పులైనా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి పిల్లల్లోంచి ఒక గొంతు "నాయినా!" అంది.

సంతోషి. అంతకుముందు వారం అండాలమ్మ అనే ఆవిడ ఆ పిల్లని వెంటపెట్టుకొచ్చి, "మా ఇంటాయనకు తెల్వద్దక్కా, పిల్ల సదువు ఆగొద్దు" అని చేర్పించి వెళ్లింది. ఆ ఇంటాయన ఎవరో నేనడగలేదు.

రోడ్డు రోడ్డంతా ఆ తండ్రీకూతుళ్లనే చూస్తోంది. సీతారాములు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. పిల్ల చేతిలో పుస్తకం వంక చూశాడు.

"లోపల మా లొల్లి ఏమన్న వినపడ్డదా బిడ్డా?"

"లేదు నాయినా. జరంత గూడ వినపడలే."

"మాకు గూడ మీ పాఠం వినపడలే" అని ఆయన జనం వైపు తిరిగాడు. "ఏం సూస్తుండ్రు? నడువుండ్రి!"

పిల్లలు మళ్లీ మెట్లు దిగారు. డప్పులు కదిలాయి. మా ఆయన్ని మాత్రం సీతారాములు వదల్లేదు. దండ తీయనివ్వకుండా ముందు వరసలో పెట్టుకుని, ఎల్బీనగర్ చౌరస్తా దాకా, "గట్టిగ సార్, ఇంక గట్టిగ" అంటూనే నడిపించాడు.