సూరమ్మను చూపించిన పెట్టె

నేను ఒక సర్వర్‌ని. ఆ మాట వినగానే మీకు భుజాన తుండుగుడ్డ వేసుకుని ‘రెండిడ్లీ, ఒక వడ’ అని వంటింట్లోకి కేకేసే మనిషి గుర్తొస్తే తప్పు మీది కాదు. ఇద్దరం చేసేది ఒకే పని, అడిగినవాళ్లకు అడిగింది అందించడం. కాకపోతే నాకు కాళ్లు లేవు. బల్ల సొరుగంత ఇనప పెట్టెను. పొట్టనిండా డిస్కులు, వెనకాల ఆరు ఫ్యాన్లు.

పుట్టింది సముద్రాల అవతల. మొదటి కొలువు హైదరాబాద్‌లో, పరీక్షా ఫలితాలు చూపించే ఒక కంపెనీలో. ఏడాదిలో మూడొందల అరవై రోజులు కునుకు, మిగిలిన అయిదు రోజులు తొక్కిసలాట. మనుషుల ఆశ ఎంత గట్టిదో నేను అక్కడే చూశాను. తప్పిన పిల్లాడి నంబరును వాళ్ల నాన్న ఇరవైసార్లు కొట్టి చూసేవాడు, ఇరవై ఒకటోసారికి నేనేమైనా మనసు మార్చుకుంటానేమోనని.

కొత్త యంత్రాలు రాగానే నన్ను సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్లు అమ్మే కొట్టుకు తోలేశారు. అక్కడ నన్ను కొన్నవాడు సనపల ఢిల్లేశ్వరరావు. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో కేబుల్ ఆపరేటరు. రైల్లో పలాస దాకా నన్ను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. పక్కసీటాయన ‘ఏటి బాబూ, ఇన్వర్టరా?’ అని అడిగితే, వివరించే ఓపిక లేక ‘ఔను’ అన్నాడు.

వాళ్ల ఆఫీసు జీడి ఫ్యాక్టరీ పైన మేడగది. ఒకప్పుడు ఢిల్లేశ్వరరావు నాలుగువేల ఇళ్లకు కేబుల్ ఇచ్చేవాడు. ఫోన్లలో సినిమాలు రావడం మొదలయ్యాక జనం ఒక్కొక్కరే తీగ పీకించేసుకున్నారు. మిగిలినవాళ్లను నిలుపుకోవడానికి ఆయన భార్య నీలవేణి ఒక ఉపాయం ఆలోచించింది. ఇంటర్నెట్టు ఎలాగూ మన తీగలోంచే పోతోంది, ఆ తీగ మీదే మన ఊరి కార్యక్రమాలు ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు చూపిద్దాం అంది. దానికి ‘మనూరి తెర’ అని పేరు కూడా పెట్టేసింది.

‘‘దేశమంతా సూసే యాప్‌లుండగా, ఈ జీడిపిక్కంత ఊరికి మన యాప్ ఎందుకే?’’ అన్నాడు ఢిల్లేశ్వరరావు.

‘‘అందులో లోకమంతా ఉన్నాది. కాశీబుగ్గ ఏదీ? కనబడితే సెప్పు’’ అంది నీలవేణి.

ఆయన సికింద్రాబాద్ రైలెక్కాడు. నన్ను బిగించారు.

విశాఖపట్నం నుంచి గిరిధర్ అనే దర్శకుణ్ణి పిలిపించి సీరియల్ తీయించారు. ఒక కోటీశ్వరుల కుటుంబం, మెట్లున్న మేడ, మెట్లమీద నిలబడి పళ్లు కొరికే అత్తగారు. మేడ కోసం కల్యాణమండపం అద్దెకు తీసుకున్నారు. మొదటిరోజు ఆరొందల ఇళ్లవాళ్లు తెరిచి చూశారు. ఎనిమిదో నిమిషానికి నలభై ఇళ్లు మిగిలాయి. ఆ నలభైలో నటుల చుట్టాలెంతమందో, టీవీ వదిలేసి నిద్రపోయినవాళ్లెంతమందో నాకు తెలియదు.

మర్నాడు మాత్రం వీధంతా ‘శానా బాగుందమ్మా’ అంది. కిరాణా కొట్టు లోకనాథం అయితే కొట్టు దిగి వచ్చి మరీ మెచ్చుకున్నాడు. ఆయన చూసింది నాలుగు నిమిషాలు. మెచ్చుకున్నదే అయిదు నిమిషాలు.

నీలవేణి పిచ్చిది కాదు. రోజూ నా ముందు కూర్చుని సీరియల్‌ను ఎవరు ఎంతసేపు చూశారో చదివేది. రోజురోజుకీ ఆమె మాటలు తగ్గిపోయాయి. ఇంతలో ఒక పెద్ద కేబుల్ కంపెనీవాళ్లు, తీగలన్నీ మాకప్పగించి మీరు మా దగ్గర ఉద్యోగం చేసుకోండి అని కబురు పెట్టారు. ‘‘నెలాకరుకి సంతకం పెట్టేత్తానే. మన పనోళ్లు తొమ్మిదిమందికీ ఏదో దారి దొరుకుద్ది’’ అన్నాడు ఢిల్లేశ్వరరావు. ఆమె తలూపింది. ఆ మధ్యాహ్నమే అన్నీ చెరిపేద్దామని నా ముందుకొచ్చింది.

ఒక్కొక్క ఫైలూ కొట్టేస్తూ ఒకచోట ఆగిపోయింది. ‘రిహార్సల్’ అనే పదకొండు నిమిషాల ముక్క. ఎడిటింగ్ కుర్రాడు పొరపాటున జనం చూసే అరలో పడేశాడు. దాన్ని తొమ్మిదొందల ఇళ్లు చూశాయి. మూడొందల ఇళ్లు రెండోసారి కూడా చూశాయి. నీలవేణి నమ్మలేదు, నాకే ఏదో తెగులు పట్టిందనుకుని ఆపి మళ్లీ వేసింది. నేను మళ్లీ తొమ్మిదొందలే చూపించాను.

అప్పుడు తనూ చూసింది.

కింద ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే గేదెల సూరమ్మకు గిరిధర్ పనిమనిషి వేషమిచ్చాడు. ‘అమ్మగారూ, మీకోసం ఎవరో వచ్చారు’ అని చేతులు కట్టుకుని చెప్పాలి, అంతే. సూరమ్మకు ఆ మాట నోరు తిరగలేదు. తిరగకపోగా ఆయనకే పాఠం మొదలెట్టింది.

‘‘సేతులు కట్టుకుంటే అంట్లెవులు తోముతారు బాబూ? పన్లో ఉన్న మనిసి ‘ఓలమ్మా, ఎవులో వచ్చారు, సూడే’ అని అక్కణ్నుంచే అరుత్తాది. నిలబడి సెప్పే తీరిక మీ ఇశాపట్నంలో ఉందేమో, నాకు తెల్దు.’’

అక్కడితో ఆగలేదు. తన పెళ్లిచూపుల్లో అత్త ఎలా కూర్చుందో, ఫ్యాక్టరీలో తూకం వేసే మేస్త్రి ఎలా దగ్గుతాడో చేసి చూపించింది. కెమెరా పట్టుకున్నవాడి నవ్వుకు బొమ్మ ఊగిపోయింది.

నీలవేణి మెట్లు దిగి పరుగున ఫ్యాక్టరీలోకి వెళ్లింది. పది నిమిషాల్లో సూరమ్మను వెంటబెట్టుకుని పైకొచ్చి నా ముందు కూర్చోబెట్టింది. సూరమ్మ తెరమీద తనను తాను కాసేపు చూసుకుంది. నవ్వలేదు.

‘‘నన్ను సూసి నవ్వుతున్నారా అమ్మా, నా మాటకి నవ్వుతున్నారా?’’

నీలవేణి రెండోసారి చూసిన ఇళ్ల లెక్క మీద వేలు పెట్టింది. ‘‘ఎక్కిరించేవోళ్లు ఒకపాలి సూసి పోతారు పిన్నీ. ఈళ్లు మళ్లీ మళ్లీ వత్తన్నారు. ఆళ్లింట్లో మాటలాగుంది నీ మాట.’’

సూరమ్మ కొంగుతో జీడిమసి అంటిన చేతులు తుడుచుకుంది. ‘‘అయితే ఆదివారాలు వత్తాను.’’

సంతకం వాయిదా పడింది. మేడ లేదు, మెట్లు లేవు, గిరిధర్ తిరిగి బస్సెక్కాడు. ఫ్యాక్టరీ వెనక అరుగుమీద ఒక కెమెరా, సూరమ్మ, వారానికొక మనిషి. ఒక వారం బస్సు కండక్టరు, ఒక వారం చేపలమ్మే ఆవిడ, ఒక వారం పనసకాయ మీద కొట్టి చూసి లోపల ఎన్ని తొనలున్నాయో చెప్పే ముసలాయన. నాలుగు నెలల్లో తీగ పీకించుకున్నవాళ్లు కొందరు మళ్లీ వేయించుకున్నారు. లోకనాథం మెచ్చుకోవడం మానేశాడు. ప్రతి ఆదివారం చివరిదాకా చూస్తున్నాడు.

ఒకరోజు భావనపాడు నుంచి ఒకావిడ ఫోను చేసింది. పెనిమిటి గుజరాత్ రేవులో చేపల వేటకెళ్లాడట. ఆదివారం వీడియోకాల్ చేసి, ఫోను టీవీకి ఎదురుగా పట్టుకుని సూరమ్మను చూపిస్తోందట. ‘‘అరగంట పట్టుకునీసరికి సెయ్యి పీకేత్తంది. మా ఆయనకి నేరుగా రాదా అమ్మా?’’

మా తీగ కాశీబుగ్గ చుట్టుపక్కల మాత్రమే ఉంది. నీలవేణి పదిహేను రోజులు కష్టపడి నన్ను బయటి ఇంటర్నెట్టుకు కలిపింది. ఆ ఆదివారం నా తలుపు కొట్టిన ఊళ్లు చూసి ఢిల్లేశ్వరరావు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. వేరావల్, పారాదీప్, చెన్నై, పోర్ట్‌బ్లెయిర్. ‘‘మనోళ్లు ఇన్ని సోట్ల ఉన్నారేటే?’’ అన్నాడు. ఆయన గొంతు అలా మెత్తబడగా నేనెప్పుడూ వినలేదు.

పేరు పాకితే పెద్దవాళ్లు వస్తారు. ఒక వినోద సంస్థ నుంచి ఇద్దరొచ్చారు. కార్యక్రమం రాష్ట్రమంతా చూపిస్తామన్నారు. ఒకే షరతు, ఈ యాస అందరికీ అర్థం కాదు కనుక సూరమ్మ మాటలకు వేరే ఆవిడ గొంతు పెడతారు. ‘‘మీకున్న జనం చాలా తక్కువండీ. ఇలాంటి చిన్న యాప్‌లు రెండేళ్లకు మించి నిలవవు’’ అన్నాడు పెద్దాయన. వెటకారం లేదు, ఉన్నమాటే చెప్పాడు. అలా మూతబడ్డవాటి పేర్లు కూడా చెప్పాడు.

ఢిల్లేశ్వరరావు నీలవేణి వైపు చూశాడు. నీలవేణి సూరమ్మ వైపు చూసింది.

‘‘అంటే నా మొకం ఉంచి నోరు మార్సుతారా బాబూ?’’ అంది సూరమ్మ. ‘‘నోరు ఉంచి మొకం మార్సీయండి. ఈ మొకం ఎలాగూ అంత గొప్పది కాదు.’’

ముందు నవ్వింది ఆ పెద్దాయనే. అందరి నవ్వులూ ఆగాక ఢిల్లేశ్వరరావు లేచి, ‘‘ఒద్దులెండి బాబూ. టీ తాగి ఎల్లండి’’ అన్నాడు. కేబుల్ కంపెనీ కాగితాలు కూడా ఆ సాయంత్రమే తిప్పి పంపేశాడు.

ఇదంతా జరిగి నాలుగేళ్లయింది. మనూరి తెరకు లక్షల జనం రాలేదు, రారు కూడా. పద్నాలుగువేల ఇళ్లున్నాయి. తొమ్మిదిమంది పనివాళ్లు పన్నెండుమందయ్యారు. సూరమ్మ పిక్కలు కొట్టడం మానేసింది, పిక్కలు కొట్టేవాళ్లను తిట్టడం మానలేదు.

మొన్న ఉగాది కార్యక్రమానికి జనం ఒక్కసారి పోటెత్తేసరికి నా నాలుగో ఫ్యాన్ ఆగింది. ఒళ్లు కాలిపోయి పడిపోయాను. నీలవేణి అన్నిటినీ ఎక్కడో దూరాన ఉన్న అద్దె యంత్రాల్లోకి మార్చింది. నన్ను తూకానికి వేయడానికి ఆమెకు చేతులు రాలేదు. ఊరి చివర ఐటీఐలో పిల్లలు విప్పి నేర్చుకోవడానికి ఇచ్చేసింది.

ఈ ఉదయమే నా మూత తీశారు. సావిత్రి అనే విద్యార్థిని నా ఫ్యాన్‌ని ఊడదీసి ఒక్క ఊపు ఊదింది. ఇన్నేళ్లుగా కింది ఫ్యాక్టరీ నుంచి నేను పీల్చుకున్న ఎర్రటి జీడిపొట్టు గదంతా లేచింది. క్లాసు క్లాసంతా తుమ్మారు. మాస్టారు తుమ్ముతూనే, ఈ యంత్రం ఏ దేశంలో తయారైందో ఎవరైనా చెప్పగలరా అని అడిగారు.

సావిత్రి ముక్కు తుడుచుకుని, వేలికంటిన పొట్టు చూసుకుని, ‘‘ఇది మన ఊరిదే సార్’’ అంది.