బాంబుకు జాగా

ప్రొద్దుటూరులో మైకు సెట్టు హబీబుల్లా లెవెలే వేరని అందరూ అంటారు. మాట వరసకు కాదు, చెవి వరసకు. ముఠా తగాదాలు ముదిరిన కాలంలో రెండు పార్టీల సభలకూ ఆయన హారన్లే మోగేవి. అప్పట్లో ఇంటికో కేసు, వీధికో క్యాసెట్టు. రికార్డింగు మిషను మీద శబ్దం కొలిచే సూది ఎర్రగీత దాటకపోతే నాయకుడు ఎర్రగా చూసేవాడు. తమవాడి గొంతు ఎదుటి పార్టీవాడి గొంతు కంటే పిసరంత తగ్గినా అవమానమే. అందుకని హబీబుల్లా ఎవరి గొంతునైనా నిండుగానే పట్టేవాడు. క్యాసెట్టుది పెద్ద మనసు, కాస్త ఎక్కువైనా ఓర్చుకునేది.

ఇప్పుడు అంగట్లోకి కంప్యూటరు వచ్చింది. పాత క్యాసెట్లను అందులోకి ఎక్కించడం కొత్త బేరం.

ఒకరోజు చాపాడు వైపు నుంచి సిద్దమ్మ దిగింది. గొర్రెలు కాసే ఇంటి మనిషి. ఒకప్పుడు ఆమె పాట లేకుండా ఆ చుట్టుపక్కల సభ మొదలయ్యేది కాదు. కొంగుముడి విప్పి క్యాసెట్టు బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వు పట్టిందే అబ్బీ. జమ్మలమడుగు రాజీ సభ."

హబీబుల్లాకు గుర్తుంది. రెండు పార్టీలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. సిద్దమ్మ పాడుతుండగా ఎవడో గోడ అవతల నాటుబాంబు వేశాడు. జనం లేచారు, చేతులు నడుముల దగ్గరికి పోయాయి. అయినా చివరికి అందరూ కూర్చున్నారు, రాజీ కుదిరింది. కూర్చోబెట్టింది ఎవరో హబీబుల్లా చూడలేదు. ఆ సమయంలో ఆంప్లిఫయరు మీద బోర్లా పడుకుని దాన్ని కాపాడానని ఆయన చెబుతాడు. ఆంప్లిఫయరు మాత్రం ఏమీ చెప్పదు.

"ఆదివారం ఆ రెండు పార్టీల ఇండ్ల నడుమే పెండ్లి. నీదే మైకంట గదా," అంది సిద్దమ్మ. "మొన్న తాంబూలాల్లో పులివెందుల ఆదినారాయణ, పిల్ల తరపు పెద్దమనిషి, ఆపొద్దు మా పెద్దాయనే జనాన్ని కూర్చోబెట్నాడనె. పిల్లోని తరపోళ్లేమో, కాదు, మా మామే అనిరి. కూర్చోబెట్టింది నేనప్పా అంటే అందరూ నగిరి. బాంబు పడంగానే నీ పాట నిలిచిపాయ గదా అనె ఆదినారాయణ. యాడ నిలిచింది? గొర్లను పిలిచే కేక ఎత్తుకున్నా, దానికే జనం కూర్చునిరి. దీంట్లో ఉండాది."

హబీబుల్లా రిబ్బను పరీక్షగా చూశాడు. వేలికి గోధుమరంగు పొడి అంటుకుంది.

"శానా అరిగిపోయిందక్కా. రెండుతూర్లు తిరిగితే గొప్ప."

క్యాసెట్టును కంప్యూటరుకు తగిలించిన టేపురికార్డరులో వేసి, అలవాటు చొప్పున పాట మొదలు నిండుగా వచ్చేటట్టు శబ్దం మీట తిప్పాడు. సిద్దమ్మ గొంతు గది నిండింది. ఆయన మీసం కూడా కొంచెం లేచింది. అంతలో బాంబు పడింది. స్పీకరు బర్రుమంది. అక్కడి నుంచి ఏది పేలుడో, ఏది గోలో, ఏది గొంతో తెలియలేదు. కంప్యూటరు తెర మీద గీతలన్నీ కొడవలి పెట్టి కోసినట్టు ఒకే ఎత్తున చదునుగా నిలిచాయి.

"నా కేక ఏది?" అంది సిద్దమ్మ.

"పైన తెగిపోయింది. మిషను పట్టేదానికి ఒక హద్దుంది, దాన్ని దాటింది దాటినట్టే పోతాది. ఎంత పోయిందో గూడా చెప్పదు. తల తెగినోని పొడుగు ఎట్ల కొలుస్తామక్కా?"

"అయితే తల తెగకుండా పట్టు."

ఆయన మీటను ఒక్క గీత వెనక్కి తిప్పాడు. టీ తెచ్చిన ఆయన భార్య గుల్జార్‌బీ అది చూసింది.

"అంతేనా తగ్గించేది? దుడ్లు దానమిచ్చినట్టు చేస్తాండావే."

"ఇంకా తగ్గిస్తే పాట మొదలు దోమ పాడినట్టుంటాదే. హబీబుల్లా సెట్టులో దోమలు పాడతాండాయంటారు."

"ఆ పొద్దు నువ్వు పడుకుని ఉన్నందుకే ఆ క్యాసెట్టు బతికింది. లేచి ఉంటే మీట తిప్పి దాన్నీ చంపేసి ఉందువు."

సిద్దమ్మ నవ్వలేదు. "దోమైనా మల్ల పెంచుకోవచ్చునా?"

"పెంచుకోవచ్చు. తెగిందాన్ని అతికించలేం."

"అట్లయితే బాంబుకు జాగా ఇయ్యప్పా. అది ఎట్లాగూ వస్తాది. నా గొంతు దాని పక్కనే ఉండాది."

హబీబుల్లా మీట మీద వేలు పెట్టాడు. ఎదురుగా ఏ నాయకుడూ లేడు. అయినా ఎవరో ఎర్రగా చూస్తున్నట్టే ఉంది. కళ్లు మూసుకుని మీటను సగానికి పైగా దించేశాడు. క్యాసెట్టును మొదటికి తిప్పి, టేపురికార్డరు హెడ్డును స్పిరిట్ దూదితో తుడిచి ప్లే బొత్తాం నొక్కాడు.

పాట సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు మొదలైంది. ముగ్గురూ ముందుకు వంగారు. బాంబు పడింది. తెర మీద గీత గుట్టలా లేచి, పైకప్పు తాకకుండా దిగింది. దాని వెంటే ఇంకో గీత లేచింది. గుట్ట కాదు, కొండ. బాంబు గోడ అవతల పడింది, సిద్దమ్మ నోరు మైకు ముందర ఉంది. సాగదీసిన కేక, తర్వాత పాట, దాని కింద నెమ్మదిగా అణిగిపోయిన జనం గోల.

"అక్కా," అన్నాడు హబీబుల్లా, "బాంబు నీకంటే పొట్టిది."

"నాకు ఎరికే," అంది సిద్దమ్మ.

ఆదివారం జమ్మలమడుగులో పందిరి కింద రెండు పార్టీలూ మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నాయి, ఈసారి విస్తళ్ల ముందు. సిద్దమ్మ మైకు సెట్టు పక్కన కూర్చుంది. ఆదినారాయణ మైకు పట్టుకుని తమ పెద్దాయన ధైర్యం గురించి మొదలుపెట్టాడు. ఆయన ఊపిరి తీసుకున్న సందులో హబీబుల్లా పాట వేశాడు, తన జన్మలో ఎన్నడూ వేయనంత చిన్నగా. జనం మాటలు ఆపి చెవి ఒగ్గారు. బాంబు పడగానే తల నెరిసిన మగవాళ్లు దిగ్గున లేచారు, చేతులు నడుములకు పోయాయి. అక్కడ పంచె ముడి తప్ప ఏమీ లేదు. కేక వచ్చింది. ఒక్కొక్కరే కూర్చున్నారు, ఆదినారాయణతో సహా.

కూర్చున్నాక గానీ తాము ఏం చేశామో వాళ్లకు తట్టలేదు. మొదట నవ్వింది పెళ్లికూతురు.

ఆదినారాయణ మైకు తీసుకొచ్చి సిద్దమ్మ చేతికిచ్చాడు. "నువ్వే కూర్చోబెట్టినావులే సిద్దమ్మా. ఇప్పుడు గూడా."

ఆమె మైకు పక్కన పెట్టేసింది, తన గొంతుకు అది అక్కరలేదన్నట్టు. హబీబుల్లా వైపు తిరిగింది.

"ఇంగ పాట పెంచప్పా. పెన్న ఏటి అవతలికి వినపడాల."